సైలెన్సర్ దొంగతనాలు: పాత ఇనుము వర్తకులు తెలుసుకోవలసిన లెక్క

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సరుకుకు రెండే లెక్కలు. పనికివచ్చే వస్తువైతే బేరాన్ని బట్టి, పనికిరానిదైతే కిలోను బట్టి ధర పలుకుతుంది. సనత్‌నగర్, బాలానగర్, మూసాపేట పారిశ్రామిక వాడలు కూతవేటు దూరంలోనే ఉండడంతో పానాలు, మోటార్లు, ఇనుప ముక్కలు, వాహనాల విడిభాగాలు ఈ చుట్టుపక్కలనే చేతులు మారడం ఏళ్ళ తరబడి వస్తున్న అలవాటు. అయితే గత కొన్నేళ్ళుగా ఈ రెండు లెక్కలకూ లొంగని సరుకు ఒకటి పాత ఇనుము వర్తకంలోకి వచ్చి చేరినది. చూడడానికి అది తుప్పు పట్టిన సైలెన్సర్ ముక్క. ఇనుముగా తూస్తే వందల రూపాయలకు మించదు. కాని దాని లోపల ఉన్న పింగాణీ ముక్కకు ధర కట్టేది లండన్, న్యూయార్క్ మార్కెట్లు.

ఆ ముక్క పేరు కెటాలిటిక్ కన్వర్టర్. నిలిపి ఉంచిన కార్ల కింద దూరి దీనిని విప్పుకుపోయే దొంగతనాలు 2020 తరువాత అనేక దేశాలలో ఒక్కసారిగా పెరిగినవి. మన దేశంలో గుజరాత్, మహారాష్ట్రలలో ఈ తరహా కేసులు 2021 ప్రాంతంలో ఎక్కువగా బయటపడినవి. హైదరాబాదు కూడా ఈ బెడదకు మినహాయింపు కాలేదు. దొంగలను పట్టుకోవడం పోలీసుల పని. కాని ఆ సరుకు డబ్బుగా మారేది వర్తకుని కాటా మీదనే. కనుక ఈ సరుకు ఏమిటి, దాని ధర ఎందుకు ఇంతగా ఊగిసలాడుతున్నది, తెలియక కొన్నవానికి వచ్చే చిక్కు ఏమిటి అనే విషయాలు వర్తకులు, దళారులు వివరంగా తెలుసుకోవడం అవసరం.

డబ్బాలో ఏమున్నది?

ఇంజనులో కాలిన పెట్రోలు పొగలో మూడు హానికర పదార్థాలు ఉంటవి. ఒకటి కార్బన్ మోనాక్సైడ్. రెండవది సగం కాలి మిగిలిన ఇంధనం. మూడవది నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇంజనుకు, సైలెన్సర్‌కు మధ్య అమర్చిన ఈ డబ్బాలోనుంచి పొగ పోయేటప్పుడు ఈ మూడూ బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, నత్రజనిగా మారిపోతవి. ఈ మార్పు జరిపించేవి ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే మూడు జాతి లోహాలు. పని జరిపిస్తవి గాని తాము ఖర్చు కావు. అందువల్లనే పదేళ్ళు తిరిగిన బండిలోనుంచి తీసిన డబ్బాలో కూడా ఈ లోహాలలో చాలా భాగం మిగిలే ఉంటుంది. దొంగకు గాని, శుద్ధి కర్మాగారానికి గాని ఆశ పుట్టించేది ఈ గుణమే.

పైకి కనిపించేది స్టెయిన్‌లెస్ ఉక్కు డబ్బా. దానిలో తేనెపట్టు వలె సన్నని రంధ్రాలు గల పింగాణీ దిమ్మె ఉంటుంది. ఆ రంధ్రాల గోడలకు అల్యూమినా పూత, ఆ పూతలో కంటికి కనిపించనంత సూక్ష్మంగా జాతి లోహపు రేణువులు. కిలో పింగాణీకి లోహం ఒకటి రెండు గ్రాముల నుంచి ఐదారు గ్రాముల వరకు ఉండవచ్చును. బండి తయారీని బట్టి, ఇంజను సైజును బట్టి, పొగ నిబంధనలను బట్టి ఇది మారుతుంది. డబ్బా పెద్దదైనంత మాత్రాన లోహం ఎక్కువ ఉన్నదని చెప్పడానికి వీలు లేదు. సర్వీసులో మార్చి వేసిన చౌకరకం డబ్బాలలో లోహం నామమాత్రంగానే ఉంటుంది.

అమెరికాలో 1975 మోడల్ కార్లనుంచి ఈ పరికరం వాడుకలోకి వచ్చినది. మన దేశంలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో 1995 ఏప్రిల్ 1 నుంచి కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేసినారు. సీసం కలిసిన పెట్రోలు వాడితే ఈ పూత చెడిపోతుంది కనుక సీసం లేని పెట్రోలు కూడా అప్పుడే ఆ నగరాలకు వచ్చినది. 2000 నాటికి అది దేశమంతటా అందుబాటులోకి వచ్చినది. 2017 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు దేశవ్యాప్తంగా అమలు కావడంతో పొగ శుద్ధి నిబంధనలు మరింత బిగిసినవి. నిబంధన బిగిసినకొద్దీ డబ్బాలో లోహం విలువ కూడా పెరుగుతూ వచ్చినది.

ధరలు ఎందుకు ఎగసినవి?

ఈ మూడు లోహాల సరఫరా ప్రపంచంలో రెండు మూడు దేశాల చేతిలో ఉన్నది. గనులలోనుంచి వచ్చే ప్లాటినంలో సుమారు 70 శాతం, రోడియంలో 80 శాతానికి పైగా దక్షిణాఫ్రికాదే. పల్లాడియంలో సుమారు 40 శాతం రష్యా నుంచి వస్తుంది. రోడియం సంగతి మరీ విచిత్రం. రోడియం కోసమని ఎవరూ గని తవ్వరు. ప్లాటినం తవ్వుతుంటే కొద్దిగా వెంట వచ్చే సరుకు అది. అందువల్ల గిరాకీ ఎంత పెరిగినా రాబడి పెంచడం వీలుకాదు. బియ్యానికి గిరాకీ లేనిదే తవుడు కోసం ధాన్యం ఆడించరు గదా, ఇదీ అటువంటిదే.

2015లో ఫోక్స్‌వాగన్ డీజిలు కార్ల పొగ పరీక్షల మోసం బయటపడిన తరువాత ఐరోపాలో కొనుగోలుదారులు పెట్రోలు కార్లవైపు మొగ్గినారు. పెట్రోలు కార్లలో ఎక్కువగా వాడేది పల్లాడియం, రోడియం. ఆ పైన చైనా, ఐరోపా, భారతదేశాలు పొగ నిబంధనలను బిగించినవి. 2020లో దక్షిణాఫ్రికాలో ఒక పెద్ద శుద్ధి కర్మాగారం ప్రమాదం వల్ల మూతపడడం, ఆ వెనువెంటనే కోవిడ్ ఆంక్షలు రావడంతో సరుకు రాబడికి గండి పడినది.

ఫలితం ధారణలలో కనిపించినది. 2016లో ట్రాయ్ ఔన్సు 700 డాలర్ల లోపు పలికిన రోడియం 2021 మార్చిలో 29 వేల డాలర్లు దాటినది. అంటే ఐదేళ్ళలో 40 రెట్లకు పైన. రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తిన తరువాత 2022 మార్చిలో పల్లాడియం 3,400 డాలర్లు దాటి కొత్త రికార్డు నెలకొల్పినది. బంగారం ధరతో పోల్చుకున్న వర్తకులకు ఇది నమ్మశక్యం కాని విషయం. రోడియం ఒక దశలో బంగారానికి 15 రెట్లకు పైగా పలికినది.

పతనం కూడా అంత వేగంగానే జరిగినది. చిప్‌ల కొరత వల్ల కార్ల ఉత్పత్తి తగ్గినది. కంపెనీలు పల్లాడియం బదులు చౌకగా దొరికే ప్లాటినం వాడడం మొదలుపెట్టినవి. చైనాలో గాజునార పరిశ్రమ తన దగ్గరి రోడియాన్ని మార్కెట్లోకి వదిలినది. విద్యుత్ కార్ల భయం స్పెక్యులేటర్లను వెనుకంజ వేయించినది. 2024 మొదట్లో రోడియం 4,500 డాలర్ల ప్రాంతానికి, పల్లాడియం వెయ్యి డాలర్ల దిగువకు పడిపోయినవి. 2025లో ప్లాటినం తిరిగి గట్టిగా కోలుకున్నది.

ఒక డబ్బా లెక్క

బంగారం వర్తకులకు తులం అలవాటు. ఈ లోహాలకు ట్రాయ్ ఔన్సు లెక్క. మూడు ట్రాయ్ ఔన్సులు ఎనిమిది తులాలకు సమానం. గ్రాములలో చెప్పాలంటే ఔన్సు 31.1 గ్రాములు.

ఉదాహరణకు ఒక డబ్బాలో రెండు గ్రాముల పల్లాడియం, గ్రాములో ఐదవ వంతు రోడియం ఉన్నవనుకుందాము. 2021 మార్చి ధరలలో, పల్లాడియం 2,500 డాలర్లు, రోడియం 29 వేల డాలర్లు చొప్పున, పల్లాడియం విలువ సుమారు 161 డాలర్లు, రోడియం విలువ సుమారు 187 డాలర్లు. మొత్తం 348 డాలర్లు. అప్పటి మారకం రేటు 73 రూపాయలు చొప్పున 25 వేల రూపాయలకు పైచిలుకు.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. పల్లాడియంలో పదో వంతు తూకం మాత్రమే గల రోడియం విలువలో సగానికి పైగా ఆక్రమించినది. డబ్బా కొన్నవాడు రోడియం ఎంత ఉన్నదో తెలియకుండా కొంటే అది కళ్ళకు గంతలు కట్టుకుని చేసే బేరమే.

అదే డబ్బాను 2024 మొదట్లో లెక్క వేద్దాము. పల్లాడియం 950 డాలర్లు, రోడియం 4,500 డాలర్లు చొప్పున 61, 29 కలిపి 90 డాలర్లు. డాలరుకు 83 రూపాయలు చొప్పున ఏడున్నర వేల రూపాయల లోపు. సరుకు మారలేదు, తూకం మారలేదు. మూడేళ్ళలో విలువ మూడో వంతుకు పడిపోయినది.

ఈ మొత్తం కూడా చేతికి పూర్తిగా రాదు. శుద్ధి ఖర్చు, తరుగు, రవాణా, పరీక్ష రుసుము, పెట్టుబడిపై వడ్డీ పోవాలి. మూలనుంచి దొంగ చేతికి అందేది ఇందులో చిన్న భాగమే.

దళారులు మరొక విషయం గుర్తుంచుకోవాలి. ప్లాటినం, పల్లాడియంలకు న్యూయార్క్‌లో వాయిదా వ్యాపారం ఉన్నది. ధర పడిపోతుందని భయమున్నవారు ముందుగా అమ్ముకుని నష్టం నుంచి కాచుకోవచ్చును. రోడియానికి ఆ సదుపాయం లేదు. జాన్సన్ మాథే, హెరాయస్ వంటి శుద్ధి కంపెనీలు ప్రకటించే ధరే దానికి ధర. డబ్బాలు పోగుచేసి, పగలగొట్టి, శుద్ధికి పంపి, లెక్క తేలి డబ్బు రావడానికి వారాలు, నెలలు పడుతుంది. 2021 వేసవిలో గరిష్ఠ ధరకు డబ్బాలు కొని నిల్వ వేసినవారు సరుకు శుద్ధికి చేరేలోగా ధర జారిపోవడం చూడవలసివచ్చినది.

దొంగల కన్ను ఏ బండి మీద?

మన దేశంలో ఈ దొంగతనాలకు ఎక్కువగా గురైనది మారుతి ఈకో వ్యాను. దీనికి కారణాలు వెతకనక్కరలేదు. బండి కింద పొగగొట్టం చేతికి సులువుగా అందుతుంది. జాకీ వేయకుండానే మనిషి కిందికి దూరగలడు. నాలుగు బోల్టులు విప్పితే పని అయిపోతుంది. పాలు, కూరగాయలు, పార్శిళ్ళు మోయడానికి, పిల్లలను బడికి దింపడానికి, అంబులెన్సుగా వాడడానికి ఈ బండ్లు లక్షల సంఖ్యలో తిరుగుతున్నవి. వీటిలో చాలావాటికి షెడ్డు ఉండదు. యజమాని ఇంటి ముందు రోడ్డు మీదనే రాత్రి గడుపుతవి. అలారం మోగదు, అద్దం పగలదు, తలుపు తెరవనవసరం లేదు.

విదేశాలలో ఇదే స్థానం టయోటా ప్రియస్ హైబ్రిడ్ కారుది. హైబ్రిడ్ కారులో ఇంజను తక్కువసేపు నడుస్తుంది కనుక డబ్బాలోని పూత తక్కువగా అరిగి, ఎక్కువ విలువ నిలుపుకుంటుంది.

కొన్ని ముఠాలు సైలెన్సర్‌ను విప్పుకుపోయి వదలివేస్తవి. మరికొన్ని లోపలి పింగాణీని తవ్వి తీసి, ఖాళీ డబ్బాను తిరిగి బిగిస్తవి. ఈ రెండవ పద్ధతి మెకానిక్ షెడ్డులో కూడా జరగడానికి వీలున్నది. సర్వీసుకు ఇచ్చిన బండి తిరిగి వచ్చినప్పుడు పైకి అంతా సక్రమంగానే కనిపిస్తుంది. పొగ పరీక్షకు వెళ్ళిననాడు గాని యజమానికి విషయం తెలియదు. తవ్వి తీసిన పింగాణీని ఈ వర్తకంలో ‘మట్టి’ అంటున్నారు. డబ్బాగా ఉన్నంతవరకు అది ఏ బండిదో, ఏ మోడల్‌దో కొంతవరకు చెప్పవచ్చును. మట్టి అయిన తరువాత దానికి ఊరూ పేరూ ఉండదు. దొంగ సరుకును మట్టి రూపంలో అమ్మజూపడానికి అసలు కారణం ఇదే.

మట్టి ప్రయాణం

ఈ మట్టిని చిన్న కొట్టులో కరిగించి లోహం తీయడం అయ్యే పని కాదు. బంగారం వలె మూసలో వేసి ఊదితే కరగదు. పింగాణీని పొడి చేసి, అత్యధిక ఉష్ణోగ్రతగల కొలిమిలో ఇనుముతోనో రాగితోనో కలిపి కరిగించి, ఆ లోహంలోకి జాతి లోహాలను లాగి, తరువాత ఆమ్లాలతో ఒక్కొక్కదానిని విడదీయాలి. బెల్జియం, ఇంగ్లండు, జర్మనీలలో దీనికి పేరుపొందిన కర్మాగారాలు ఉన్నవి. మన దేశంలో నవీ ముంబై, ఉదయపూర్‌లలో జాతి లోహాల శుద్ధి కంపెనీలు పనిచేస్తున్నవి.

కొందరు గల్లీ గదులలో రాజద్రావకంతో ఈ పని చేయబూనడం కద్దు. ఆ పొగ ఊపిరితిత్తులను కాలుస్తుంది. ప్లాటినం లవణాలు శరీరానికి పడనివారికి ఉబ్బసం తెచ్చిపెడతవి. పైగా ఈ పద్ధతిలో రోడియం చాలావరకు కరగక వృథా అవుతుంది. విలువలో సగం మురికి కాలువ పాలు చేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకోవడమే దీని ఫలితం.

కనుక దొంగ సరుకు ఎంత చీకటిలో బయలుదేరినా ఏదో ఒక దశలో పద్దులు, పరీక్షలు, బిల్లులు ఉన్న కంపెనీ గేటు దాటవలసినదే. విప్పినవాడు, మెకానిక్, పాత ఇనుము కొట్టు, మట్టి పోగుచేసే టోకు వర్తకుడు, శుద్ధి కర్మాగారం: ఇదీ వరుస. ఈ వరుసలో మధ్యనున్న రెండు అంచెలలోనే తెలియని సరుకు తెలిసిన సరుకుగా మారిపోతుంది. పాత ఇనుము వర్తకునికి బాధ్యత, ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నవి.

2022 నవంబరులో అమెరికా ప్రభుత్వం బయటపెట్టిన కేసు ఈ సంగతిని రుజువు చేసినది. కాలిఫోర్నియా నుంచి న్యూజెర్సీ వరకు విస్తరించిన ముఠాలో ఐదు రాష్ట్రాలలో 21 మందిని పట్టుకోవడమో, వారిపై అభియోగం మోపడమో జరిగినది. ఈ వ్యవహారంలో స్వాధీనానికి కోరిన మొత్తం 54 కోట్ల 50 లక్షల డాలర్లు. అంత డబ్బు రాత్రిపూట కార్ల కింద దూరిన కుర్రవాళ్ళ జేబులలోకి పోలేదు. డబ్బాలు కొని, మట్టి తీసి, శుద్ధి కర్మాగారానికి అమ్మిన మధ్య అంచెలోకి పోయినది.

అక్కడి బీమా కంపెనీల తరఫు సంస్థ లెక్కల ప్రకారం ఈ దొంగతనాలపై వచ్చిన క్లెయిములు 2018లో 1,298. 2020లో 14,433. 2022లో 64,701. ఈ అంకెలను రోడియం, పల్లాడియం ధారణల పక్కన పెట్టి చూస్తే దొంగతనం ధరను అనుసరించి పెరిగిన తీరు ఎవరికైనా అర్థమవుతుంది.

పోగొట్టుకున్నవాని నష్టం

దొంగకు కొద్ది వేల రూపాయలు తెచ్చిపెట్టే ఈ ముక్క పోతే వాహనదారునికి అయ్యే ఖర్చు వేరు. కంపెనీ విడిభాగం, సెన్సార్, వైర్లు, కూలి కలిపి పదుల వేల రూపాయలు అవుతుంది. విడిభాగం వచ్చేవరకు బండి నిలిచిపోతుంది. పాల వ్యాపారి, కూరగాయల వర్తకుడు, బడి వ్యాను నడుపుకునే డ్రైవరు రోజు కూలి పోగొట్టుకుంటారు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి వంటి చోట్లకు రోగులను తెచ్చే అంబులెన్సులలో ఈకో బండ్లు కూడా ఉంటవి. అటువంటి బండి ఒక ఉదయం కదలకపోతే నష్టం రూపాయలతో తేలేది కాదు.

డబ్బా లేకుండానే బండి నడుపుదామన్నా కుదరదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం కాలుష్య ప్రమాణాలను మీరి బండి నడిపితే 10 వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చును. దొంగతనానికి గురైనవాడే నేరస్థుడుగా నిలబడవలసిన పరిస్థితి ఇది. బండి స్టార్టు చేయగానే ఎన్నడూ లేని పెద్ద శబ్దం వచ్చినా, ఇంజను హెచ్చరిక దీపం వెలిగినా వెంటనే కిందికి వంగి చూసుకోవాలి. ఫిర్యాదు నకలు ఉంటేనే బీమా కంపెనీతో మాట్లాడడానికి వీలవుతుంది. పాలసీలో విడిభాగాల దొంగతనానికి ఏ షరతులు ఉన్నవో ముందే చదివి ఉంచుకోవడం మంచిది.

కొన్నవాని బాధ్యత

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినది. దొంగతనానికి 303వ సెక్షను, దొంగ సొత్తు తీసుకోవడానికి 317వ సెక్షను. దొంగ సొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని దురుద్దేశంతో తీసుకున్నవానికి మూడేళ్ళ వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. దీనినే అలవాటుగా చేసుకున్నవానికి పదేళ్ళ వరకు, ఒక్కొక్కప్పుడు యావజ్జీవం కూడా విధించవచ్చును.

‘నమ్మడానికి కారణం ఉండి’ అన్న మాట వర్తకులు జాగ్రత్తగా గమనించాలి. నాకు తెలియదు అన్నంత మాత్రాన చాలదు. గుర్తింపు చూపని మనిషి, వారం వారం ఒకే మోడల్ బండి డబ్బాలు తెస్తుంటే, బిల్లు లేకుండా, మార్కెట్ ధరలో పావు వంతుకు ఇస్తానంటుంటే, ఆ ధరే ఒక సాక్ష్యం. కొత్తగా విప్పిన బోల్టులు, తెగగొట్టిన సెన్సార్ వైర్లు, రంపపు కోతలు కూడా అటువంటివే. అనుభవం గల వర్తకునికి ఇవి కనిపించలేదంటే న్యాయస్థానం నమ్మడం కష్టం.

పన్నుల లెక్కలో కూడా పట్టు బిగిసినది. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివారి వద్ద ఇనుము, రాగి, అల్యూమినియం వంటి లోహపు తుక్కు కొన్న రిజిస్టర్డ్ వర్తకుడు జి.ఎస్.టి.ని తానే చెల్లించాలి. ఒక మనిషికి ఒక రోజులో 10 వేల రూపాయలకు మించి నగదు చెల్లిస్తే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో సాధారణంగా ఒప్పుకోరు. పద్దులలోకి ఎక్కని సరుకు అమ్మేటప్పుడు కూడా పద్దులలోకి ఎక్కదు. అటువంటి సరుకును పేరున్న శుద్ధి కంపెనీ తీసుకోదు. చివరికి తీసుకునేవాడు అడిగిన ధరకే ఇవ్వవలసివస్తుంది.

విదేశాలలో ఏమి చేసినారు?

ఇంగ్లండు, వేల్స్‌లలో పాత లోహం నగదుకు కొనడం చట్టవిరుద్ధం. 2013 నాటి పాత లోహపు వర్తకుల చట్టం ప్రకారం లైసెన్సు, అమ్మినవాని గుర్తింపు, పద్దు పుస్తకం తప్పనిసరి. కాలిఫోర్నియాలో 2023 నుంచి విడి కన్వర్టర్లను వాహన యజమాని, మెకానిక్, బండ్లు విప్పే లైసెన్సుదారు వంటివారి నుంచి మాత్రమే, రుజువుతో కొనాలి. రెండు చోట్లా దృష్టి పెట్టినది కొనేచోటి మీదనే. కొనేవాడు లేనినాడు విప్పేవాడికి పని లేదన్నది వారి లెక్క.

మన దేశంలో కూడా పాత బండ్లను తుక్కు చేయడానికి 2021లో నిబంధనలు వచ్చి, రిజిస్టర్డ్ కేంద్రాలు ఏర్పడినవి. కాలం చెల్లిన వాహనాల పర్యావరణ నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినవి. బండి రికార్డుతో సహా కేంద్రానికి చేరితే దాని డబ్బాకు కూడా పుట్టుపూర్వోత్తరాలు ఉంటవి. సక్రమమైన డబ్బాల రాబడి ఈ దారిన పెరిగినకొద్దీ ఊరూ పేరూ లేని మట్టిని కొనవలసిన అవసరం వర్తకునికి తగ్గుతుంది.

వర్తకులు పాటించవలసినవి

ఈ సరుకు కొనడం నేరం కాదు. వాడివేసిన డబ్బాలనుంచి లోహం తిరిగి తీయడం గనిలో తవ్వడం కంటె ఎంతో మేలైన వ్యాపారం. చేయవలసినదల్లా ఇనుము వలె కాక, బంగారం వలె కొనడం. పాత నగ కొనే బంగారు వర్తకుడు అమ్మవచ్చినవాని పేరు, ఊరు అడగకుండా తులం తూయడు. ఇక్కడా అదే పద్ధతి అవసరం.

విడి డబ్బా వచ్చినప్పుడు బండి రిజిస్ట్రేషన్ నెంబరు, మెకానిక్ షెడ్డు బిల్లు, అమ్మినవాని గుర్తింపు కాగితం నకలు తీసుకోవాలి. చెల్లింపు బ్యాంకు ద్వారా జరగాలి. డబ్బా ఫోటో, దానిపై ముద్రించిన నెంబరు పద్దులో ఎక్కించాలి. తెలియనివారి వద్ద మట్టి అసలే కొనరాదు. టోకుగా అమ్మేటప్పుడు ముక్కకింత అని కాక, పరీక్ష ఫలితాన్ని బట్టి ధర ఇచ్చే కంపెనీకి అమ్మితే రోడియం విలువ చేజారదు.

మెకానిక్ షెడ్డుల వారు మార్చిన పాత డబ్బాను యజమానికి చూపి, ఉంచుకుంటారో అమ్ముతారో అడిగి, బిల్లులో రాయడం అలవాటు చేసుకుంటే సగం చిక్కు అక్కడే తీరుతుంది. బండ్లు ఎక్కువ ఉన్న రవాణా వ్యాపారులు డబ్బాలపై బండి నెంబరు చెక్కించడం, బోల్టుల మీద వెల్డింగు చుక్క పెట్టించడం, ఇనుప కవచం బిగించడం వంటివి చేస్తున్నారు. ఖర్చు కొద్దిపాటిదే.

ముందు ముందు

విద్యుత్ బండ్లకు ఈ డబ్బా లేదు. వాటి వాడకం పెరిగేకొద్దీ కొత్త డబ్బాలకు గిరాకీ క్రమంగా తగ్గవచ్చును. అయితే రోడ్ల మీద ఇప్పటికే తిరుగుతున్న కోట్లాది పెట్రోలు బండ్ల డబ్బాలు ఇంకా చాలా ఏళ్ళపాటు పాత సామాను మార్కెట్లోకి వస్తూనే ఉంటవి. ధరలు చల్లబడిన 2023, 2024 సంవత్సరాలలో ఈ దొంగతనాల జోరు అనేక దేశాలలో తగ్గినది. ప్లాటినం తిరిగి కోలుకున్న తీరు చూస్తే ఆ ఊరట శాశ్వతమని అనుకోవడానికి లేదు. దక్షిణాఫ్రికాలో గని మూతపడినా, రష్యా మీద కొత్త ఆంక్షలు వచ్చినా దాని ప్రభావం కొద్ది వారాలలో మన వీధిలో నిలిపిన వ్యాను కిందికి చేరగలదని గడచిన అనుభవం చెబుతున్నది.

ధర పెరిగినప్పుడు దొంగ సరుకు ముందుగా తట్టేది పాత ఇనుము కొట్టు తలుపే. ఎర్రగడ్డ చుట్టుపక్కల ఈ వర్తకం చేసుకునేవారిలో అత్యధికులు కష్టపడి, నాలుగు రూపాయల లాభం మీద బతుకుతున్నవారు. ఒకరిద్దరు కక్కుర్తితో కొన్న సరుకుకు సోదాలు, సీళ్ళు, అనుమానాలు మాత్రం సంత అందరి మీదా పడతవి. పద్దు పుస్తకంలో రెండు వరుసలు అదనంగా రాయడం ఆ చిక్కుకంటె తేలిక.